వేడి తగలని పొగ: ఇంట్లో చేసుకున్న స్మోక్ జనరేటర్‌తో నా అనుభవం

నాకు కావాల్సింది వేడి లేని పొగ. నిప్పు కణిక మీద నెయ్యి చుక్క వేసి, గిన్నె మీద మూత పెట్టేసే దుంగార్ పద్ధతి హైదరాబాద్ వంటిళ్ళలో చాలామందికి తెలిసిందే. అది ఐదు నిమిషాల వ్యవహారం, పైగా గిన్నెలో కూర ఎలాగూ వేడిగానే ఉంటుంది. నేను పొగ పట్టించాలనుకున్నవి వేరు: ఎండుమిర్చి, రాళ్ళ ఉప్పు, జీడిపప్పు, పేరుకున్న నెయ్యి, చీజ్. వీటికి గంటల తరబడి పొగ తగలాలి, వేడి మాత్రం తగలకూడదు. వేడి తగిలితే చీజ్ మెత్తబడి నూనె కక్కుతుంది, నెయ్యి కరిగిపోతుంది, మిర్చి నల్లబడుతుంది. దీన్నే కోల్డ్ స్మోకింగ్ అంటారు. పదార్థం ఉన్న పెట్టెలో ఉష్ణోగ్రత 30 డిగ్రీల లోపు ఉండాలన్నది అందరూ పాటించే లెక్క.

నిప్పు లేనిదే పొగ రాదు కాబట్టి నిప్పును ఒక చోట, పదార్థాన్ని ఇంకో చోట పెట్టి, మధ్యలో పొగను మాత్రం నడిపించాలి. విదేశాల్లో ఇందుకు రెడీమేడ్ పరికరాలున్నాయి. ఇక్కడికి తెప్పించుకుంటే షిప్పింగు, కస్టమ్స్ కలిపి తడిసి మోపెడయ్యేలా కనిపించింది. బొమ్మలు చూస్తే అందులో ఒక పైపు, ఒక రాగి గొట్టం, చేపల తొట్టికి పెట్టే గాలి మోటారు తప్ప ఇంకేమీ లేదు. సికింద్రాబాద్ హార్డ్‌వేర్ బజారు రాణిగంజ్‌లో దొరకని పైపు ఉంటుందా అనుకుని దిగాను.

మోటారు అక్కర్లేని పద్ధతి ఒకటి ముందు చూశాను. సన్నటి స్టీలు జాలీని సందులు సందులుగా వంచి, ఆ సందులో రంపపు పొట్టు నింపి, ఒక చివర అంటిస్తే మస్కిటో కాయిల్ కాలినట్టు నెమ్మదిగా ఆ చివరి దాకా కాలుతుంది. చలికాలం, పొట్టు పెళపెళా ఎండి ఉన్న రోజుల్లో బాగానే పనిచేసింది. వానలు మొదలయ్యాక మాత్రం పొట్టు గాలిలోని తేమ లాక్కుని సగంలో ఆరిపోయేది. లేదంటే నిప్పు ఒక సందులోంచి పక్క సందులోకి దూకి రెండు చోట్లా కాలేది, పొగ దట్టమైపోయేది. పైగా ఆ జాలీని పదార్థం ఉన్న పెట్టెలోనే అడుగున పెట్టాలి. మన ఎండలకు ఆ కాస్త వేడి కూడా ఎక్కువే. అందుకే నిప్పును బయట ఉంచే జనరేటర్ వైపు మళ్ళాను.

దీని కిటుకు వెంచురీ. డ్రిప్ వేసుకున్న రైతులకు ఈ మాట కొత్త కాదు. పొలంలో నీళ్ళ పైపుకి పక్కన బిగించి ఎరువు నీళ్ళను లాగించేది ఇదే. సన్నటి రంధ్రంలోంచి వేగంగా పోయే గాలి, చుట్టూ ఉన్న గాలిని తనతో లాక్కుపోతుంది. 18వ శతాబ్దపు ఇటలీ శాస్త్రవేత్త జొవాన్ని బత్తిస్తా వెంచురీ పేరు మీద ఆ పేరు వచ్చింది. పొగ జనరేటర్‌లో మోటారు గాలి నేరుగా నిప్పు మీదికి పోదు. అది పొగ బయటికొచ్చే గొట్టంలో ముందుకు కొడుతుంది, వెనకాల నిప్పు దగ్గరి పొగ దాని వెంట వచ్చేస్తుంది. నిప్పుకి కింది రంధ్రాల నుంచి అందే గాలి కొద్దిగానే ఉంటుంది కాబట్టి చెక్క మండదు, రాజుకుని మగ్గుతూ ఉంటుంది.

మంట రాకూడదన్న పట్టుదల ఎందుకంటే, వాసనంతా మగ్గడంలోనే ఉంది. చెక్కలో హెమీసెల్యులోజ్, సెల్యులోజ్, లిగ్నిన్ అని మూడు ముఖ్యమైన పదార్థాలుంటాయి. వేడెక్కేకొద్దీ సుమారు 200 డిగ్రీల నుంచి మొదట హెమీసెల్యులోజ్, తర్వాత సెల్యులోజ్ విడిపోతాయి. పదార్థానికి పట్టే బంగారు రంగు ఎక్కువగా వీటి నుంచి వచ్చేదే. లిగ్నిన్ విడిపోతే గ్వయకాల్, సిరింగాల్ లాంటివి పుడతాయి. మనం పొగ వాసన అనుకునేది చాలా వరకు ఇవే. మంట అంటుకుంటే ఇవన్నీ కాలిపోయి కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి మిగులుతాయి. నిప్పు మరీ వేడెక్కితే బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారకాలు పెరుగుతాయి. ఐరోపా యూనియన్‌లో పొగ పట్టిన మాంసంలో అది కిలోకి 2 మైక్రోగ్రాములు దాటకూడదని 2014 నుంచి పరిమితి ఉంది. ఆ మాత్రం తెలిశాక పొగ ఎంత వస్తోందన్న దాని మీద మోజు తగ్గి, ఎలాంటి పొగ వస్తోందన్న దాని మీద ధ్యాస పెరిగింది. ఆ తర్వాత నేను పడ్డ తంటాలన్నీ ఆ పొగను చల్లగా, పొడిగా, తారు లేకుండా పెట్టెలోకి చేర్చడానికే.

పైపు విషయంలో ఒకటి ముందే చెప్పాలి. ప్లంబింగ్ షాపులో చవగ్గా దొరికే జీఐ పైపు దీనికి పనికిరాదు. దాని మీద జింకు పూత ఉంటుంది. నిప్పు వేడికి ఆ పూత నుంచి వచ్చే పొగలు మంచివి కావు. జీఐ వెల్డింగ్ చేసేవాళ్ళకు ఆ రోజు రాత్రి వచ్చే జ్వరం సంగతి వాళ్ళనే అడగండి. పెయింటు వేసిన ఇనుము కూడా వద్దు. నేను 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు పైపు, 2 అంగుళాలది, అడుగున్నర ముక్క కిలో లెక్కన తీసుకున్నాను. మోటారు గాలిని పొగ గొట్టంలోకి కొట్టే రాగి గొట్టం ఏసీ మెకానిక్ దగ్గర మిగిలిన తుండు, పావు అంగుళానిది. పొగ గొట్టానికి ముప్పావు అంగుళం స్టీలు పైపు నాలుగు అంగుళాలు. చేపల తొట్టి మోటారు అన్నింటికంటే చిన్నది చాలు, నిమిషానికి మూడు లీటర్ల గాలి ఇస్తే సరిపోతుంది. అదే షాపులో గాలి తగ్గించుకునే చిన్న ప్లాస్టిక్ వాల్వు, గాలి వెనక్కి రాకుండా ఆపే వాల్వు కూడా తీసుకోండి. రెండోది ఎందుకో తర్వాత చెబుతాను.

లేత్ షాపతను నా కాగితం మీది బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది సార్ ఇది, గుడుంబా బట్టీనా?"

"కాదన్నా. తినేవాటికి పొగ పట్టించే గొట్టం."

"పొగ వెట్టనీకి గింత ఖర్సా? రెండు పిడకలు అంటువెడితే రాదా?"

అడిగినదాంట్లో న్యాయం ఉంది. కానీ పనిమంతుడు. రాగి గొట్టం కొసను పొగ గొట్టానికి సరిగ్గా నడిమధ్యన నిలబెట్టడానికి లోపల చిన్న రింగు పెట్టి బిగించాలన్నది అతని ఆలోచనే. అది పక్కకి ఒరిగితే లాగుడు సగానికి పడిపోతుంది. అడుగున రంధ్రాలున్న పళ్ళెం వెల్డింగ్ చెయ్యకుండా బోల్టులతో పెట్టించాను, బూడిద దులుపుకోవడానికి. ప్లంబర్లు అలవాటుగా చుట్టే టెఫ్లాన్ టేపు నిప్పు దగ్గరి జాయింట్లకు వద్దన్నాను, ఆ వేడికి అది పాడై విషవాయువులు వదులుతుంది. వెల్డింగుతో సహా మొత్తం రెండున్నర వేలు దాటలేదు.

ఇక చెక్క. సామిల్లు పొట్టు ఉచితంగా ఇస్తారు గానీ అందులో ప్లైవుడ్, ఎండీఎఫ్ కలిసి ఉంటాయి, అంటే జిగురు. రంపపు నూనె అదనం. టేకు, వేప కూడా నేను దూరం పెట్టాను. పండ్ల చెట్లు మేలు: మామిడి, జామ, నేరేడు, సపోటా. కొమ్మలు కొట్టించినప్పుడు అడిగితే ఎవరైనా ఇస్తారు. వాటిని బెరడు తీసి, గోరంత ముక్కలుగా చేసి, జల్లెడ పట్టి పొడి తీసేయాలి. పొడి ఉంటే గాలి ఆడదు, ముక్క మరీ పెద్దదైతే మంట లేస్తుంది. ఎండాకాలంలో అయితే రెండు ఎండలు చాలు. చలికాలంలో వంటింటి కాటా మీద తూచుకుంటూ, బరువు ఇక తగ్గడం లేదనేదాకా ఎండబెట్టి, డబ్బాలో గట్టిగా మూత పెట్టుకుంటాను.

అన్నట్టు, అమెరికాలో బార్బెక్యూ వాళ్ళు మెస్కీట్ అని డబ్బులు పోసి కొనుక్కునే కర్రకి మన సర్కారు తుమ్మ దగ్గరి చుట్టం. రెండూ అమెరికా ఖండాల మొక్కలే. 1870ల్లో వంటచెరకు కోసం తెప్పించి కడప ప్రాంతంలో నాటించారు, ఇప్పుడు చెరువు కట్టల మీద, రోడ్ల పక్కన వద్దన్నా మొలుస్తోంది. దాని పొగ బాగా ఘాటు. విడిగా వాడితే నాకు నచ్చలేదు, మామిడిలో నాలుగో వంతు కలిపితే మాత్రం మిర్చికి భలే కుదురుతుంది. జామ పొగ అన్నింటికంటే మృదువు, చీజ్‌కీ నెయ్యికీ అదే.

మొదటి పరీక్ష ఖాళీ అట్టపెట్టెతో. పొగ చల్లగా ఉంటుందన్న నమ్మకం ఉంటే అట్టపెట్టె చాలు, అది అంటుకునేంత వేడి వస్తోందంటే అసలు డిజైనే తప్పని అర్థం. పొగ గొట్టం మొదట పైపు పై భాగాన ఉండేలా చేయించాను. పొగ ఎలాగూ పైకే పోతుంది కదా అన్న లెక్క. పైపు నిండా మామిడి ముక్కలు పోసి, మోటారు ఆన్ చేసి, కింద పది మిల్లీమీటర్ల రంధ్రం దగ్గర చిన్న గ్యాస్ టార్చి నిమిషం పాటు పట్టుకుంటే లోపల ఎర్రగా కనిపించింది. టార్చి తీసేశాక ఆ ఎరుపు అలాగే నిలిచింది. కొన్ని క్షణాలకు గొట్టం నుంచి తెల్లటి పొగ ధారగా, మోటారు దడకు సన్నగా వణుకుతూ బయటికొచ్చింది. అమ్మ మెట్ల మీద నుంచే, "ఏవిట్రా, డాబా మీద సాంబ్రాణి ఫ్యాక్టరీ పెట్టావా?" అంది.

ముప్పావు గంటకి ధార సన్నబడి ఆగిపోయింది. మూత తీసి చూస్తే పై ముక్కలన్నీ తడిసి, గోధుమరంగు జిగటతో ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. సైకిల్ స్పోకుతో పొడిస్తే కింద అంతా డొల్ల. జరిగింది ఇదీ: కింద పుట్టిన వేడి పొగ చల్లటి ముక్కల మధ్య నుంచి పైకి పోతూ తన తేమనీ తారునీ వాటికే వదిలింది. అవి అంటుకుని కమానులా నిలబడిపోయాయి. కింద కాలేవి కాలిపోయాక పైనుంచి ముక్క జారలేదు, నిప్పు ఆకలితో చచ్చింది. ఈ జనరేటర్లు చేసుకునేవాళ్ళందరికీ ఎదురయ్యే చిక్కే ఇది. కొందరు లోపల స్ప్రింగు పెట్టి మధ్యమధ్య కుదుపుతారు. నాకు కుదుపుతూ కూర్చునే ఓపిక లేదు.

పొగ గొట్టాన్ని కిందికి దించితే ఆ గొడవ చాలా వరకు పోయింది. అడుగు నుంచి మూడంగుళాల ఎత్తులో ఒక వైపు అంటించే రంధ్రం, సరిగ్గా ఎదురుగా పొగ గొట్టం. నిప్పు ఆ పట్టీలోనే ఉంటుంది, పుట్టిన పొగ పుట్టినట్టే పక్కకి వెళ్ళిపోతుంది, పైనున్న ముక్కలు పొడిగా ఉండి తమంతట తాము జారుతూ ఉంటాయి. పావుకిలో ముక్కలకి మూడు గంటల పైనే పొగ నిలకడగా వచ్చింది. వాల్వు తిప్పి గాలి తగ్గిస్తే పొగ పల్చబడుతుంది, మరీ తగ్గిస్తే ఆరుతుంది. పెంచుకుంటూ పోతే గొట్టం దగ్గర చిటపటమని చప్పుడొస్తుంది. అది మంటకి ముందు వచ్చే హెచ్చరిక, అక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలి.

అయితే కొత్త పేచీ వచ్చింది. పైన వడపోత లేదు కాబట్టి తారంతా గొట్టంలోకే వస్తోంది. దీన్ని పట్టుకోవడానికి టిష్యూ పేపరు పరీక్ష పెట్టుకున్నాను. తెల్లటి టిష్యూని పెట్టెలో గంటసేపు పరిచి ఉంచితే పొగ గుణం అంతా దాని మీద రాసి ఉంటుంది. అంతటా సమంగా లేత పసుపు వస్తే మంచి పొగ. నా టిష్యూ మీద గొట్టం మూతి కింద ఆవగింజంత గోధుమరంగు చుక్కలు, అంచులు నల్లగా. వాసన చూస్తే కాలిన టైరు గుర్తుకొచ్చింది. అది ఉప్పు మీద పడితే ఆ పళ్ళెం మొత్తం పారబోయాలి.

దీనికి మందు దూరం, వాలు. జనరేటర్‌కీ పెట్టెకీ మధ్య వంటింటి చిమ్నీలకి వాడే అల్యూమినియం పైపు మీటరు పొడవున పెట్టాను. అందులో పొగ చల్లబడుతుంది, చల్లబడినప్పుడే తారు గోడలకి పడుతుంది. పెట్టె వైపు ఎత్తుగా, జనరేటర్ వైపు పల్లంగా ఉంచి, పల్లంలో ఒక టీ జాయింటు, దాని కింద చిన్న గాజు సీసా. పైపు మధ్యలో గిన్నెలు తోమే స్టీలు పీచు ఒకటి వదులుగా దూర్చాను. మర్నాడు సీసాలో రెండు చెంచాల ఎర్రటి నీళ్ళు, మీద నల్లటి తెట్టు. ఇదంతా ఇంతకుముందు పెట్టెలోకి పోయేదన్నమాట. టిష్యూ ఈసారి మరకల్లేకుండా వచ్చింది. పీచుని రెండు మూడుసార్లు వాడి పారేస్తాను. స్టీలు పొగ గొట్టాన్ని వేడినీళ్ళలో వాషింగ్ సోడా వేసి నానబెడితే తారు వదులుతుంది, చేతులకి గ్లవ్స్ తప్పనిసరి. అల్యూమినియం పైపుకి మాత్రం సోడా వద్దు, అది ఆ లోహాన్ని తినేస్తుంది.

కరెంటు సంగతి. మోటారు ఆగితే లాగుడు ఆగుతుంది, కానీ నిప్పు ఆగదు. పొగ దారి దొరికిన వైపు పోతుంది, రాగి గొట్టం నుంచి రబ్బరు ట్యూబు మీదుగా మోటారులోకి కూడా. లోపలి రబ్బరు పొరకి తారు అంటితే మోటారు పని అయిపోయినట్టే. వెనక్కి రానివ్వని వాల్వు అందుకు. మోటారుని జనరేటర్ కంటే ఎత్తులో పెట్టమంటారు కొందరు. అది ట్యాంకులో నీళ్ళకి వర్తించే లెక్క, వేడి పొగ పైకే ఎక్కుతుంది కనుక నేను కిందే పెట్టాను. ఇప్పుడు మోటారుని ఇన్వర్టర్ లైనుకే కలిపాను. ఐదు వాట్లే కదా.

అట్టపెట్టె స్థానంలో తర్వాత పాత బియ్యం డ్రమ్ము వచ్చింది. కింద పొగ లోపలికి వచ్చే రంధ్రం, పైన అంగుళం రంధ్రం బయటికి పోవడానికి. పై రంధ్రం మూసేస్తే పొగ ఎక్కువ పడుతుందనిపిస్తుంది గానీ, నిలవ పొగ చేదు. వచ్చింది వచ్చినట్టు పదార్థాన్ని తాకి వెళ్ళిపోవాలి. మల్టీమీటరుకి తగిలించే థర్మోకపుల్‌తో కొలిచి చూస్తే, నిప్పు దగ్గర పైపు బయటి గోడే 200 డిగ్రీలు దాటింది, పొగ గొట్టం చివర 50 పైన, మీటరు దాటి డ్రమ్ములోకి వచ్చేసరికి బయటి గాలి కంటే రెండు మూడు డిగ్రీలే ఎక్కువ. కాబట్టి అసలు శత్రువు నిప్పు కాదు, సూర్యుడు. జనవరిలో తెల్లవారుజామున బయట 15 ఉంటే డ్రమ్ములో 18. అదే డ్రమ్ము మీద ఎండ పడితే పదకొండు గంటలకే 30 దాటుతుంది. నీడలో పెట్టి, చీకటితో మొదలుపెట్టి, ఎనిమిదిన్నరకల్లా ముగించడం అలవాటు చేసుకున్నాను. ఫిబ్రవరి రెండో వారం తర్వాత గడ్డకట్టిన నీళ్ళ సీసా ఒకటి లోపల పెట్టాలి, దాని మీద పట్టే చెమ్మ కారకుండా కింద పళ్ళెం కూడా. మార్చి నుంచి ఉప్పు, మిర్చి తప్ప ఇంకేదీ పెట్టను.

ఉప్పుతో మొదలుపెట్టమని ఎవరికైనా చెబుతాను, అది పాడయ్యేది కాదు. రాళ్ళ ఉప్పుని పల్చగా పరిచి, గంటకోసారి కలిపితే లేత టీ రంగుకి వస్తుంది. పొగ అనేది ఉప్పు రాయి లోపలికి పోదు, పైనే అంటుకుంటుంది, కాబట్టి పెద్ద రాళ్ళ కంటే కొద్దిగా నలిగిన రాయి మంచిది. ఉడికించిన గుడ్డు మీద, పచ్చి మామిడి ముక్క మీద, కాల్చిన మొక్కజొన్న కంకి మీద చల్లుకోవాలి. వంటలో మరిగించారంటే డబ్బా ఉప్పుకీ దీనికీ తేడా ఉండదు.

ఇంత శ్రమకీ అసలు ఫలితం మిర్చి దగ్గర దక్కింది. స్పెయిన్‌లో లా వేరా అనే ప్రాంతంలో పండు మిరపకాయలని ఓక్ కర్రల పొగ మీద రోజుల తరబడి ఎండబెడతారు, ఎందుకంటే అక్కడ కోత కాలానికి వానలు పడతాయి, మనలా కళ్ళంలో ఆరబోసే వీలు లేదు. ఆ కారానికి ఘాటు తక్కువ, రంగు, పొగ వాసన ఎక్కువ. మన దగ్గర అలాంటి కాయ ఏదంటే వరంగల్ చపాటా, టమాటా మిర్చి అంటారే అది, 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. లావుగా, ఎర్రగా, కారం తక్కువగా ఉంటుంది. ముందు తేజ మిర్చికి పొగ పట్టించి చూశాను, ఆ మంటలో పొగ వాసన ఎక్కడా అందలేదు. చపాటాలో అందింది. తొడిమ, గింజలు తీసి రెండుగా చింపి పెట్టడం ముఖ్యం. కాయ పైతోలు నున్నగా ఉండి పొగని త్వరగా పట్టదు, లోపలి వైపు పడుతుంది. వరసగా కొన్ని తెల్లవారుజాములు పొగ చూపించి, మధ్యాహ్నాలు డబ్బాలో పెట్టి, చివర్లో ఒక ఎండ ఇచ్చి కొట్టించాను. మిల్లు అతను ముందు వేసిన వాళ్ళ కారం వాసన కలవకుండా మొదటి పిడికెడు పక్కన తీసేశాడు. బంగాళదుంప వేపుడులో దించే ముందు అర చెంచా, పెరుగు పచ్చడి పోపులో చిటికెడు. పులుసుల్లో, ఊరగాయల్లో మాత్రం వేయకండి. చింతపండు పులుపూ పొగా కలిస్తే మాడిన రుచే తెలుస్తుంది.

జీడిపప్పు ముందు దోరగా వేయించి, పూర్తిగా చల్లార్చి, ఆ తర్వాత పొగ పెట్టాలి. పొగ పెట్టాక వేయిస్తే పట్టిన వాసన మూకుడులోనే పోతుంది. కొవ్వున్న పదార్థం పొగని ఇట్టే లాక్కుంటుంది, గంటన్నర చాలు. నెయ్యికి అంత కూడా అక్కర్లేదు. చలికి పేరుకున్న నెయ్యిని పళ్ళెంలో పల్చగా పరిచి ముప్పావు గంట పెట్టాను. వేడన్నంలో ముద్దపప్పు మీద వేసుకుంటే నాకు బాగుంది. అమ్మ ఒక ముద్ద తిని, "నెయ్యికి నెయ్యి వాసన చాలదూ?" అని తన గిన్నె వేరే పెట్టుకుంది. చిన్నప్పుడు వాళ్ళింట్లో విత్తనపు కంకులు పొయ్యి పైన వేలాడగట్టేవారట, పురుగు పట్టకుండా. ఆ పొగ తినడానికి కాదని ఆవిడ ఖచ్చితమైన అభిప్రాయం.

చీజ్ దగ్గర ఓపిక పట్టాలి. చెడ్డార్ ముక్కకి రెండు గంటలు పొగ పెట్టి వెంటనే కోసి తింటే సిగరెట్ పీక నమిలినట్టుంటుంది, చాలామంది అక్కడే మానేస్తారు. పొగ అప్పటికి పైపొరలోనే ఉంటుంది. బటర్ పేపరులో చుట్టి ఒక రోజు, ఆ తర్వాత గాలి తగలకుండా కవర్లో రెండు వారాలు ఫ్రిజ్‌లో ఉంచితే లోపలికి సర్దుకుంటుంది. ఘాటు పోయి, వెన్నతో కలిసిపోయిన కమ్మటి వాసన మిగులుతుంది. ప్రాసెస్డ్ చీజ్ కూడా పనికొస్తుంది, రుచిలో కాస్త డొల్ల.

పనీర్ గురించి అడుగుతారు, చేపల గురించి ఇంకా ఎక్కువ అడుగుతారు. రెండూ చెయ్యను. పనీర్‌లో నీళ్ళెక్కువ, ఉప్పూ పులుపూ తక్కువ. 20 డిగ్రీల్లో మూడు గంటలు బయట పెట్టడమంటే సూక్ష్మజీవులకి విందు. స్మోక్డ్ సాల్మన్ చేసేవాళ్ళు ముందు చేపని లెక్క ప్రకారం ఉప్పులో ఊరబెడతారు. అమెరికా ఆహార సంస్థ వ్యాక్యూమ్ ప్యాక్ చేసిన పొగ చేపకి దానిలోని నీటిలో కనీసం 3.5 శాతం ఉప్పు ఉండాలంటుంది. బోట్యులిజం అనే ప్రాణాంతక ఆహార విషం తెచ్చే క్రిముల్లో ఒక రకం 3.3 డిగ్రీల చలిలో కూడా పెరగగలదు, లిస్టీరియా అనే ఇంకో క్రిమి ఫ్రిజ్‌లో హాయిగా పెరుగుతుంది. కోల్డ్ స్మోకింగ్ వాటిని చంపదు, వండిన వాసన మాత్రం ఇస్తుంది. ఇంట్లో ఉప్పు శాతం కొలిచే సాధనం లేకుండా, మన వాతావరణంలో, పిల్లలూ పెద్దవాళ్ళూ తినే ఇంట్లో ఆ సాహసం నాకొద్దు. కావాలంటే వండిన చేప మీద పొగ ఉప్పు చల్లుకోండి.

ఆరుబయట తప్ప ఇంకెక్కడా దీన్ని వెలిగించకండి. మగ్గే చెక్క నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు. అద్దాలు బిగించిన బాల్కనీ ఆరుబయట కిందికి రాదు. అయిపోయాక అడుగు పళ్ళెం విప్పి మిగిలినదంతా నీళ్ళ బకెట్లో పోస్తాను, బూడిద కింద గంటల తర్వాత కూడా కణిక బతికే ఉంటుంది. పక్కింటి వాళ్ళకి ముందే చెప్పి పెట్టుకోవడం ఇంకా మంచిది. మా పక్కింటాయన మొదటిసారి వాసనకి మా వైరింగ్ కాలిందనుకుని మెయిన్ ఆపెయ్యడానికి వచ్చారు. ఇప్పుడు చపాటా కారం ఆయనకీ ఒక సీసా వెళ్తోంది.

బెల్లం మాత్రం ఇంకా లొంగలేదు. అచ్చు బెల్లానికి పొగ పెడితే పైన తేమ లాక్కుని జిగటగా మారి, తారు పొరలా అంటుకుంటోంది. ఈ డిసెంబరులో బెల్లం పొడితో, మీటరు పైపుకి బదులు రెండు మీటర్లు పెట్టి, మధ్యలో బియ్యప్పొట్టు నింపిన జాలీ గుండా పొగని పంపి చూద్దామనుకుంటున్నాను. లేత్ షాపతనికి పైపు ముక్క చెప్పి వచ్చాను.